రెండు సెంటీమీటర్ల ఆశ్చర్యం

పేరిందేవి టీచర్ ఇరవై మూడేళ్లుగా ముత్తాయకుంట హైస్కూల్లో సైన్సు చెబుతోంది. ఈ ఇరవై మూడేళ్లలో పైనుంచి వచ్చిన ఆజ్ఞలు ఆమె చాలానే చూసింది. మరుగుదొడ్ల ఫోటోలు తీసి పంపమంటే పంపింది. మధ్యాహ్న భోజనంలో పప్పు ఫోటో పంపమంటే పంపింది. పప్పు పలచగా కనబడుతోంది, మళ్లీ తీయండి అంటే గరిటె అందులో నిలబెట్టి మళ్లీ తీసింది. కాబట్టి బడి తెరిచిన రోజున హెడ్మాస్టరు జక్రయ్యగారు కొత్త సర్క్యులర్ పట్టుకుని స్టాఫ్‌రూములోకి వచ్చినప్పుడు ఆమె పెద్దగా కంగారు పడలేదు. ఈసారి చెట్ల ఫోటోలేమో అనుకుని కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంది.

జక్రయ్యగారు ఏ కాగితాన్నయినా ఆదివారం చర్చిలో వాక్యం చదివినట్టే చదువుతారు. గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సైన్సు అనగా ఆశ్చర్యమే అని నిపుణుల కమిటీ నిర్ధారించియున్నది. కావున ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల సైన్సు బోధనకు ఆశ్చర్యమును లక్ష్యముగా నిర్ణయించడమైనది. ప్రతి విద్యార్థి ప్రతి పీరియడులో కనీసము ఒక్కసారి ఆశ్చర్యపోవలెను. కొలుచుటకు వీలులేని లక్ష్యము లక్ష్యము కాదు గనుక, నోరు నిలువుగా రెండు సెంటీమీటర్లకు తగ్గకుండా తెరిచినచో విద్యార్థి ఆశ్చర్యపోయినట్లు పరిగణింపబడును."

స్టాఫ్‌రూములో ఎవరూ నోరు తెరవలేదు. జక్రయ్యగారు పేజీ తిప్పారు. దీనికోసం 'అబ్బురం' అని ఒక యాప్ ఇచ్చారట. టీచరు తరగతి మొత్తానికీ ఫోటో తీస్తే అదే ఒక్కొక్క నోరూ కొలుస్తుంది. తెరిచిన నోటి మీద పచ్చ చుక్క, మూసిన నోటి మీద ఎర్ర చుక్క పెడుతుంది. అయితే ఏ నిమిషంలో ఆశ్చర్యపోతారో ముందురోజే లెసన్ ప్లాన్‌లో రాసి ఆమోదం తీసుకోవాలి.

పేరిందేవికి ఒక్క సందేహం వచ్చింది. పిల్లలు ఎప్పుడు ఆశ్చర్యపోతారో ముందురోజే ఎలా తెలుస్తుందని అడిగింది. అది న్యాయమైన సందేహమేనని జక్రయ్యగారు ఒప్పుకుని, కాగితం మీద పెట్టి పైకి పంపారు. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. ఆశ్చర్యము ఆకస్మికముగా సంభవించుట వలన పర్యవేక్షణకు ఇబ్బంది కలుగుచున్నదనీ, ఇకపై ముందస్తు అనుమతి లేని ఆశ్చర్యములు లెక్కలోనికి తీసుకొనబడవనీ అందులో ఉంది.

సరే, ఉద్యోగం చేయాలి కదా. ఏడో తరగతికి పేరిందేవి రాసిన మొదటి ప్లాన్ ఇలా ఉంది: 'పాఠము: అయస్కాంతములు. ఒకటి నుండి ఇరవై ఒకటవ నిమిషము వరకు విద్యార్థులు మామూలుగా ఉందురు. ఇరవై రెండవ నిమిషమున ఆశ్చర్యపోవుదురు. ఇరవై మూడు నుండి నలభై వరకు తేరుకొందురు.' పైనుంచి ఆమోదం వచ్చింది. తేరుకొనుటకు అంత సమయం అవసరమా, పరిశీలించగలరు అని మాత్రం పక్కన ఎర్రసిరాతో రాశారు.

మొదటి వారం ఆమె నిజాయితీగానే ప్రయత్నించింది. ముప్పై ఒక్కమంది పిల్లల్లో పద్నాలుగు నోళ్లు తెరుచుకున్నాయి. మర్నాడే మెమో వచ్చింది. పదిహేడుమంది ఆశ్చర్యపోకపోవడానికి కారణాలు మూడు రోజుల్లో రాతపూర్వకంగా తెలపమన్నారు. ఆమె ఆ మెమోకి జవాబు రాసేలోపే పిల్లలకి సంగతి అర్థమైపోయింది. టీచర్లకన్నా ఈ విషయాల్లో పిల్లలు చురుకు. పాఠం మధ్యలో టీచరు ఫోను చేతిలోకి తీసుకోగానే బెంచీలు బెంచీలుగా నోళ్లు తెరుచుకునేవి. ఫోటో పడగానే మూసుకునేవి. ఆ సమయంలో ఆమె అయస్కాంతం గురించి చెబుతోందో, బల్ల మీద దుమ్ము తుడుస్తోందో ఎవరికీ పట్టేది కాదు.

ఆఖరి బెంచీలో ఏసోబు అని ఒక కుర్రాడున్నాడు. వాడి నోరు సునాయాసంగా అయిదు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. సగటు లెక్కల్లో బడి జిల్లాలో పైకి పాకడానికి వాడే కారణం. పక్క ఊరి హెడ్మాస్టరు ఇన్‌స్పెక్షన్ రోజున ఏసోబుని ఒక్క పూట పంపించమని జక్రయ్యగారిని బతిమాలాడని కూడా చెప్పుకున్నారు. సెప్టెంబరులో వాడి నోట్లోకి ఈగ పోయింది. అందుకూ ఒక ఫారం ఉంది. ఈగ లోనికి వెళ్లిన సమయము, వెలుపలికి వచ్చిన సమయము, ఆ సందర్భమున విద్యార్థి ఆశ్చర్యపోయెనా అని మూడు గడులు. ఏసోబు ఆ క్షణంలో నోరు మూసేశాడు గనుక ఆశ్చర్యపోలేదని రాయాల్సి వచ్చింది.

ఇంత బాగా నడుస్తున్న పథకాన్ని సైన్సుకే పరిమితం చేయడం అన్యాయమని అక్టోబరులో అన్ని సబ్జెక్టులకూ వర్తింపజేశారు. నెలాఖరుకి ఫలితాలొస్తే మధ్యాహ్నం భోజనమయ్యాక జరిగే సోషల్ పీరియడు జిల్లాలో మొదటి స్థానంలో నిలిచింది. యాప్‌కి ఆవలింతకీ ఆశ్చర్యానికీ తేడా తెలియదు. ఆవలింతలు ఆరేసి సెంటీమీటర్లు వచ్చాయి. సోషల్ మాస్టారిని మండలానికి పిలిచి శాలువా కప్పి, తమ బోధనా రహస్యం చెప్పమన్నారు. ఆయన మైకు ముందు నిలబడి, ప్రత్యేకంగా ఏమీ చేయననీ, పాఠ్యపుస్తకం ఉన్నదున్నట్టు చదువుతాననీ వినయంగా చెప్పాడు. పై నెల నుంచి అందరూ అలాగే చదవాలని ఉత్తర్వు వచ్చింది.

ఇదంతా నవ్వుకుని ఊరుకోదగ్గ వ్యవహారమే. పేరిందేవి కూడా ఇంట్లో భర్తకి చెప్పి నవ్వుకునేది. ఆమెకి నవ్వు రాని సంగతి ఒక్కటే ఉంది. ప్రతి ఫోటోలోనూ ముప్పై పచ్చ చుక్కలుండేవి, కిటికీ పక్కన ఒక్క ఎర్ర చుక్క ఉండేది. అది మస్తాన్‌బీ.

మస్తాన్‌బీ తల్లి మిరపకాయల కళ్లంలో తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఆ పిల్లకి ఏదైనా నచ్చితే పెదవులు గట్టిగా బిగించి, గడ్డం బల్ల మీద ఆనించి, కనురెప్ప వేయకుండా చూస్తుంది. ఆరో తరగతిలో ఉండగా ఒకరోజు లేచి, మా అమ్మకి చేతులే మండుతాయి గదా టీచర్, రామచిలక మిరపకాయ మొత్తం తింటే దానికి మండదేంటి అని అడిగింది. పేరిందేవికి తెలియలేదు. రెండు రోజులు పుస్తకాలు వెతికి, ఆ ఘాటు పక్షుల నోటికి తెలియనే తెలియదని కనుక్కుని వచ్చి చెప్పింది. అలాంటి పిల్ల అయిదారేళ్లకొకరు దొరికితే గొప్ప. ఆ పిల్ల కిటికీ పక్కన లేని రోజున పేరిందేవికి పాఠం చెప్పబుద్ధయ్యేది కాదు.

యాప్ దృష్టిలో మాత్రం మస్తాన్‌బీ 'ఆశ్చర్యరహిత'. నవంబరు చివర మండల సమన్వయకర్త పట్టాభిగారు స్వయంగా నోటీసు పట్టుకుని వచ్చారు. వరుసగా అయిదు నెలలు ఆశ్చర్యపోని విద్యార్థిని నలభై రోజులు ప్రేరణ తరగతికి పంపుతారు. అక్కడ ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు విరామం లేకుండా ఆశ్చర్యపరుస్తారు. అప్పటికీ నోరు తెరవకపోతే ఇక సైన్సు తరగతిలో కూర్చోనివ్వరు. ఆశ్చర్యము అవసరము లేని పనులకు, అంటే అల్లికలకో బొంతలు కుట్టడానికో మారుస్తారు.

ఆ పిల్ల లోలోపల ఎంత ఆశ్చర్యపోతుందో తనకి తెలుసునని పేరిందేవి చెప్పుకొచ్చింది. పట్టాభిగారు చెడ్డ మనిషి కాదు. ఓపిగ్గా విన్నారు.

"లోపల ఉండవచ్చునమ్మా, నేను కాదనను. కానీ లోపల ఉన్నది మా పరిధిలోకి రాదు" అన్నారు.

పది రోజుల్లో రాష్ట్ర కమిషనర్ నిరంజనబాబుగారు ఈ బడికే తనిఖీకి వస్తున్నారనీ, ఆ రోజు ఫోటోలో ఆ పిల్ల నోరు తెరిస్తే పేరు జాబితాకి ఎక్కించననీ మాటిచ్చారు. పోతూ పోతూ రెండు సెంటీమీటర్ల చెక్కముక్క పళ్ల మధ్య పెట్టుకుంటే ఇబ్బంది ఉండదని సలహా కూడా ఇచ్చారు.

సాయంత్రం బడి వదిలాక పేరిందేవి ఆ పిల్లని ఆపి, ఒక్కసారి నోరు తెరవమని బతిమాలింది. అబద్ధం ఆడమని పిల్లకి నేర్పుతున్నందుకు ఆమెకి సిగ్గేసింది. అయినా అడిగింది. మస్తాన్‌బీ తల అడ్డంగా ఊపింది.

"వచ్చిద్ది టీచర్, ఆశ్చర్యం వచ్చిద్ది. వచ్చినప్పుడు నోరు తెరవబుద్ధి గాదు. తెరిస్తే బయటికి పోయిద్దేమో అనిపిచ్చిద్ది" అంది.

పేరిందేవి ఆ పిల్లతో గేటు దాకా నడిచింది. చెక్కముక్క సంగతి ఎత్తనే లేదు.

కమిషనర్ నిరంజనబాబుగారు చెప్పిన రోజున చెప్పిన వేళకే వచ్చారు. ఈ పథకం పుట్టింది ఆయన బుర్రలోనే. తాను చదువుకునే రోజుల తర్వాత ఆయన సైన్సు తరగతిలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. ఆయనకి ముందువరసలో కుర్చీ వేసి, పక్కన బల్ల మీద బాగా చల్లబరిచిన నీళ్ల సీసా పెట్టారు. జక్రయ్యగారు చేతులు కట్టుకుని గోడవార నిలబడ్డారు. పట్టాభిగారు ఒక చేత్తో గడియారం, ఒక చేత్తో యాప్ తెరిచిన ఫోను పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు.

ఆ రోజు ఆమోదం పొందిన ప్రయోగం కోడిగుడ్డుది. గుడ్డుకన్నా మూతి కాస్త ఇరుకైన గాజు సీసాలో మండే కాగితం వేసి, పొట్టు తీసిన ఉడికిన గుడ్డు మూతి మీద పెడితే గుడ్డు దానంతటదే లోపలికి పోతుంది. ఇరవై రెండో నిమిషంలో పోవాలని ప్లాన్‌లో ఉంది. పేరిందేవి తొందరపడి కాగితం ఇరవయ్యో నిమిషంలోనే వెలిగించేసింది. సీసాలో వేసి గుడ్డు పెట్టబోతుంటే పట్టాభిగారు రెండు అంగల్లో వచ్చి చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇంకా సమయం కాలేదమ్మా. ఇప్పుడు పోతే అది అనుమతి లేని ఆశ్చర్యం అవుతుంది" అన్నారు.

ఆమె గుడ్డు చేత్తో పట్టుకుని నిలబడింది. సీసాలో కాగితం మండి, నల్లబడి, ఆరిపోయింది. ఇరవై రెండో నిమిషం వచ్చింది. పట్టాభిగారు తల ఊపారు. ఆమె గుడ్డు మూతి మీద పెట్టింది. గుడ్డు అక్కడే కూర్చుంది. లోపలికి పోలేదు, కదలనైనా లేదు. ముప్పై నోళ్లు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. పట్టాభిగారి ఫోను మెరిసింది. తొంభై ఏడు శాతం.

కమిషనర్‌గారు సంతోషంగా చప్పట్లు కొట్టారు. గ్రామీణ బాలబాలికల్లో శాస్త్రీయ దృక్పథము వెల్లివిరియుచున్నదని అన్నారు. ఆ చప్పట్ల మధ్య కిటికీ పక్కనుంచి మస్తాన్‌బీ లేచి నిలబడింది.

"టీచర్, ఏం జరగలా గదా. మరి వీళ్లంతా దేనికి ఆశ్చర్యపోయారు?"

చప్పట్లు ఆగిపోయాయి. జక్రయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ప్లాన్ ప్రకారం ఇది పిల్లలు తేరుకోవలసిన సమయం. కూర్చోమ్మా అని ఒక్క మాట అంటే పేరిందేవి ఉద్యోగానికి ఢోకా లేదు. ఆ పిల్ల పేరు జాబితాకి ఎక్కుతుంది, అంతే. ఆమెకి ఒక్కసారిగా ఈ ఆరు నెలల మీదా చెప్పలేనంత కోపం వచ్చింది.

"ఎందుకు జరగలేదంటావు?" అని అడిగింది.

మస్తాన్‌బీ ముందుకు వచ్చింది. సీసాని వేలితో ముట్టుకుని వెనక్కి తీసుకుంది. నిప్పు ఉండగానే గుడ్డు పెట్టి ఉండాల్సిందనీ, అయినా సీసా ఇంకా కాలుతోంది గనుక లోపల గాలి కూడా వేడిగానే ఉండాలనీ తనలో తను అనుకుంటున్నట్టు చెప్పింది. దాన్ని చల్లారబెడితే ఏమవుతుందని అడిగింది. నాకూ సరిగ్గా తెలియదు, చూద్దాం అంది పేరిందేవి. వెనక బెంచీల వాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చారు. నోళ్లు ఎప్పుడు మూసుకున్నాయో ఎవరూ గమనించలేదు. చన్నీళ్లు కావాలి, నీళ్లెక్కడున్నాయి అని ఎవరో అన్నారు. కమిషనర్‌గారు తన పక్కనున్న సీసా అందుకుని, ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే వంగి ఆ గాజు సీసా ఒంటి మీద సన్నగా నీళ్లు పోశారు.

గుడ్డు కొంచెం వణికింది. కింది భాగం సన్నగా సాగింది. సాగి, ఆగింది. ఇంకొన్ని నీళ్లు పోశారు. అది మూతిలోంచి నెమ్మదిగా దిగుతూ దిగుతూ టప్‌మని లోపల పడింది.

ముప్పై ఒక్కమంది పిల్లలూ, పేరిందేవీ, జక్రయ్యగారూ బల్ల చుట్టూ పెదవులు బిగించి నిలబడి ఉన్నారు. కమిషనర్‌గారు మోకాళ్ల మీద కూర్చుని, గడ్డం బల్ల మీద ఆనించి, కనురెప్ప వేయకుండా సీసాలోకి చూస్తున్నారు. తనిఖీ రోజున పీరియడు ముగింపులో రెండో ఫోటో తీయాలని నిబంధన ఉంది. పట్టాభిగారు నిబంధన తప్పే మనిషి కాదు. ఫోను ఎత్తి నొక్కారు. పిల్లలెవరో పెద్దలెవరో యాప్‌కి పట్టదు. ముప్పై నాలుగు ముఖాల మీద ముప్పై నాలుగు ఎర్ర చుక్కలు పడ్డాయి.

మొదటి ఫోటోకీ రెండో ఫోటోకీ తేడా వస్తే రెండోదే చెల్లుతుంది. తనిఖీలో సున్నా వస్తే అయిదు నెలలు ఆగే పని కూడా లేదు. సాయంత్రానికల్లా ముప్పై నాలుగు నోటీసులు వాటంతటవే బయల్దేరాయి. రాజధానికి వెళ్లే దారిలో కమిషనర్‌గారి ఫోనుకి కూడా ఒకటి వచ్చింది. ప్రేరణ తరగతి పూర్తిచేసి సర్టిఫికెట్ పొందేవరకు ఆయన లాగిన్ తెరుచుకోదు. ఆయన కారులోంచే సాంకేతిక విభాగానికి ఫోను చేసి తన పేరు తీసేయమన్నారు. అవతలి కుర్రాడు చాలా మర్యాదగా మాట్లాడాడు.

"పేరు చేర్చడానికి ఏర్పాటుంది సార్. తీసేయడానికి లేదు. సిఫార్సులు వస్తాయని అప్పట్లో మీరే వద్దన్నారు సార్."

వారం రోజుల్లో పూర్తి ఉత్తర్వు వచ్చింది. జక్రయ్యగారు దాన్ని కూడా వాక్యంలాగే చదివారు. మండల కేంద్రంలోని గదిలో పన్నెండుమందికి మించి పట్టరు గనుక ప్రేరణ తరగతిని ముత్తాయకుంట హైస్కూల్లోనే, ఏడవ తరగతి గదిలోనే నిర్వహించవలెను. శిక్షకులుగా సమీపంలోని సైన్సు టీచరును నియమించవలెను. సమీపంలోని సైన్సు టీచరు పేరిందేవి. ఆమె కూడా ఆశ్చర్యరహితే గనుక హాజరుపట్టీలో ఒక పక్క శిక్షకురాలిగా, ఇంకో పక్క శిక్షణార్థిగా రెండు సంతకాలు పెట్టాలి. చివరి పేరా దగ్గర జక్రయ్యగారు ఆగి, మరోసారి తనలో తను చదువుకుని, తర్వాత పైకి చదివారు.

"ఆశ్చర్యరహితుల వద్ద కొలుచుటకు ఏమియు ఉండదు గనుక వీరికి ఫోటోలు అవసరము లేదు. వీరి నుండి ఆశించదగిన లక్ష్యములు ఏవియు లేవు గనుక లెసన్ ప్లాన్ కూడా అవసరము లేదు."

పేరిందేవి ఆ కాగితం చేతిలోకి తీసుకుని రెండుసార్లు చూసుకుంది. ఆ పూట ఆమె ఇంటికి నడిచి వెళ్తూ దారంతా నవ్వుకుంది.

కాబట్టి సోమవారం నుంచి అదే గదిలో, అదే టీచరు, అదే పిల్లలకి పాఠం చెప్పడం మొదలుపెట్టింది. తలుపు మీద బోర్డు మాత్రం మారింది. కమిషనర్‌గారు మొదటి రోజు ముఖం మాడ్చుకుని వచ్చి ఆఖరి బెంచీలో ఏసోబు పక్కన కూర్చున్నారు. జక్రయ్యగారు కుర్చీ తెచ్చుకున్నారు. సీసాలో పడ్డ గుడ్డుని పగలకుండా బయటికి తీయడం ఎలాగో కనుక్కోవడానికి నాలుగు రోజులు పట్టింది. సీసా తలకిందులు చేసి గుడ్డు పక్కనుంచి లోపలికి గాలి ఊదితే అదే బయటికి దూకుతుందని కనుక్కున్నది ఏసోబు. వాడికున్న అంత నోరూ మొదటిసారి సైన్సుకి ఉపయోగపడింది. ఆరో రోజున కమిషనర్‌గారు చెయ్యెత్తి, ఇంట్లో పాలు పొంగుతాయి, నీళ్లు ఎందుకు పొంగవని అడిగారు. నలభై ఏళ్లుగా ఎవర్నడగాలో తెలియలేదట. ఆ రోజు నుంచి ఆయన తొమ్మిదింటికి ముందే వచ్చి గేటు దగ్గర నిలబడేవారు. మస్తాన్‌బీ ఏమీ మారలేదు. మారాల్సిన అవసరం లేని చోటు దొరికినందుకు ఆ పిల్ల ముఖం మాత్రం తేటపడింది, అది చూసి పేరిందేవికి కడుపు నిండినట్టుండేది.

నలభయ్యో రోజున పట్టాభిగారు ఫోను పట్టుకుని వచ్చారు. ఇప్పుడు ఒక్క ఫోటో తీస్తాననీ, నోరు రెండు సెంటీమీటర్లు తెరిచినవాళ్లకి సర్టిఫికెట్ ఇచ్చి మామూలు తరగతికి, మామూలు లక్ష్యాలకి పంపేస్తాననీ చెప్పారు. ఫోను ఎత్తి చిటిక వేశారు. ఒక్క నోరూ తెరుచుకోలేదు. ఇంకోసారి వేశారు. ఏసోబు బుగ్గలు ఉబ్బేలా పెదవులు బిగించాడు. ప్రార్థనకి కూడా పెదవులు విప్పకుండా జక్రయ్యగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

పట్టాభిగారు ఫోను జేబులో పెట్టుకున్నారు. ఆఖరి బెంచీ దగ్గరికి వెళ్లి చేతులు జోడించారు. తమరి లాగిన్ లేనిదే రాష్ట్రం మొత్తం మీద ఒక్క ఫైలూ కదలడం లేదనీ, వీళ్లని అల్లికలకి మార్చే ఉత్తర్వు కూడా ఆగిపోయిందనీ, సర్క్యులర్లు లేక బళ్లన్నీ ఏం చేయాలో తెలియక ఊరికే పాఠాలు చెప్పుకుంటున్నాయనీ, తమరొక్కరైనా తెరవండి సార్ అనీ ప్రాధేయపడ్డారు. కమిషనర్‌గారు అడ్డంగా తలాడించారు.

మస్తాన్‌బీకి కమిషనర్‌గారిని చూస్తే జాలేసింది. వెనక్కి తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని, పెదవులు కదిలీ కదలకుండా గుసగుసగా చెప్పింది.

"తెరిచి పోండి సార్. మీకు ఆఫీసులో పనుంటది గదా. మేమేం అనుకోం."

నిరంజనబాబుగారు నోరు మూసుకునే చిరునవ్వు నవ్వారు. ఏసోబు నోటుపుస్తకం లాక్కుని, చివరి పేజీలో 'రేపు ఏం పాఠం?' అని రాసి ఆ పిల్ల వైపు తోశారు. పట్టాభిగారు తలుపు దగ్గర నిలబడి, అందరి పేర్ల ఎదురుగా మరో నలభై రోజులు పొడిగించడమైనది అని రాసుకుంటున్నారు.